ప్లగ్గులు పీకిన ఇల్లు

“చంపింది మీరే. మీరంతా కలిసే చంపారు. ఇప్పుడు నా అల్లుణ్ని కూడా మింగేస్తారా?”

పోలీస్ స్టేషన్ వసారాలో నిలబడి పెద్దావిడ అరుస్తోంది. ఎవరూ అడ్డు వెళ్ళలేదు. అడ్డు వెళ్ళి ఏమంటారు? ఆవిడ మాటలో అబద్ధం లేదు. దేశ భద్రత అని గోడకు బోర్డు తగిలించుకున్న ప్రతి ఆఫీసుకూ ఆ మాట తగలాల్సిందే. పరాయి దేశాల్లో మన మీద ఏం కుట్ర జరుగుతోందో కనిపెట్టి ఇక్కడి జనాన్ని కాపాడండయ్యా అని బయటిశాఖ అనే ఒక శాఖను పెట్టుకున్నాం. వాళ్ళు కాపాడుకునేది వాళ్ళ రహస్యాలను. మధ్యలో జనం అడ్డం వస్తే అది జనం తప్పు.

చచ్చిపోయింది ఈ పెద్దావిడ కూతురు. బయటిశాఖలోనే ఉద్యోగం. సరిహద్దు అవతలి వాళ్ళు ఫోన్లలో మాట్లాడుకునేది వినడం, విన్నది పైవాళ్ళకు పంపడం ఆమె పని. నిన్న, బుధవారం, తన వంటింట్లోనే తల పగిలి పడి ఉంది. ముందు చూసింది మొగుడు. అతను లిఫ్ట్ మెకానిక్. శవం పక్కన నెత్తురంటిన పానా. పానా అతనిదే. ఇంతకంటే ఏం కావాలి? పెళ్ళాం రహస్యాలు అమ్ముకుంటోంది, మొగుడు దళారీ, వాటాల దగ్గర తగువొచ్చి చంపేశాడు అని బయటిశాఖ కథ అల్లేసింది. సాయంత్రం ఆరింటికి అతన్ని తమకు అప్పగించాలని పైనుంచి ఆర్డరు కూడా తెచ్చుకుంది. అలా వెళ్ళినవాళ్ళ గురించి తర్వాత ఎవరిని అడిగినా ఒకటే జవాబు. చెప్పకూడదు.

“అమ్మా, ఇంటికెళ్ళి కాసేపు పడుకోండి. జీపులో దింపుతారు,” అంది ఇన్‌స్పెక్టర్.

“నిద్రపోమంటావా? నువ్వు పోతావా?”

“నేను నిద్రపోయి రెండేళ్ళయింది.”

పెద్దావిడ ఆమె మొహంలోకి చూసి జీపెక్కింది.

స్టేషన్లో ఈ ఇన్‌స్పెక్టర్‌ని నస మేడమ్ అంటారు. అడిగిందే అడిగి ప్రాణం తోడేస్తుందని. ఆమెకు తెలుసు. కోపం లేదు. ఉన్న కోపమంతా నొప్పెట్టే మోకాళ్ళ మీదకే చాలడంలేదు.

లోపలి గదిలో మెకానిక్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నిన్నటి బట్టలే. చేతులకు లిఫ్టు గ్రీజు అలాగే ఉంది.

“మళ్ళీ మొదట్నుంచి చెప్పు.”

“నాలుగుసార్లు చెప్పాను మేడమ్.”

“ఐదోసారి చెబితే నీ సొమ్మేం పోదు. పొద్దున ఇంట్లోంచి ఎప్పుడు కదిలావు?”

“తొమ్మిదిన్నరకి. బ్యాంకు బిల్డింగులో లిఫ్టు మధ్యలో ఆగింది. లోపల నలుగురు. వాళ్ళని బయటికి లాగి, మోటారు బాగుచేసి ఇంటికొచ్చేసరికి ఒంటిగంట. తలుపు దగ్గరగా వేసి ఉంది. వంటింట్లో…”

“బయటిశాఖ వాళ్ళూ అదే అంటున్నారు. ఒంటిగంటకి వచ్చావు, చంపావు అని. పానా?”

“సింకు కింద పాత పెట్టె ఉంటుంది. అందులోది. పనికి తీసుకెళ్ళేది వేరే సంచీ.”

“తొమ్మిదిన్నరని అంత కచ్చితంగా ఎలా చెబుతున్నావు?”

“ఓవెన్ మీద గడియారం ఉంటుంది కదండీ. టీ తాగుతూ దాన్నే చూస్తాను. నిమిషం తేడా రాదు, నేనే పెట్టాను.”

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో ఇటు నుంచి అటు కదిలింది. ఈ గదిలో అబద్ధాలు చెప్పేవాళ్ళు గడియారం గురించి ఇంత ముచ్చటగా మాట్లాడరు.

“మీ ఆవిడ ఈమధ్య ఎలా ఉంది?”

“బస్టాండులో బాంబు పేలిన దగ్గర్నుంచి మనిషి మనిషిలా లేదు. టీవీలో ఆ శవాలను చూసి బాత్రూంలోకెళ్ళి తలుపేసుకుంది. ఏంటే అంటే, చెప్పాను, వాళ్ళు వినలేదు అంది. ఎవరు అంటే మాట్లాడదు. ఆఫీసు సంగతి ఇంట్లో చెప్పకూడదు కదా. పెళ్ళయిన కొత్తలో నేను ఎగతాళి చేసేవాణ్ని. ఊరందరి మాటలూ వింటావు, నా మాట తప్ప అని.” అతను చేతుల గ్రీజు చొక్కాకి తుడుచుకున్నాడు. “మేడమ్, సాయంత్రం నన్ను వాళ్ళకి ఇచ్చేస్తారా? అత్తయ్యకి ఇంజెక్షన్ ఎవరు చేస్తారు? ఆవిడకి కళ్ళు సరిగా కనపడవు.”

“ఇంజెక్షనా?”

“ఇన్సులిన్. ఫ్రిజ్‌లో ఉంటుంది. ఆవిడ కోసమే ఫ్రిజ్‌కి స్టెబిలైజర్ పెట్టాను. దాని జోలికి ఇంట్లో ఎవరూ వెళ్ళరు. మా ఆవిడైతే దానిమీద దుమ్ము కూడా దులపనిచ్చేది కాదు.”

బయటికొచ్చి ఇన్‌స్పెక్టర్ హెడ్ కానిస్టేబుల్‌ని పిలిచింది. “నేనొచ్చేదాకా ఇతన్ని ఎవరికీ ఇవ్వకు.”

“ఆర్డరు చూపిస్తే?”

“చదవడం రాదను.”

“హెడ్ కానిస్టేబుల్ని మేడమ్. చదువు రాదంటే ఎవరు నమ్ముతారు?”

“నిన్ను చూస్తే నమ్ముతారులే.”

*

ఇల్లు మూడో అంతస్తులో. పెద్దావిడ తలుపు తీసి, లోపలి గదిలోకి వెళ్ళి పడుకుంది. వంటింట్లో నేల ఎవరో కడిగేశారు. ఆధారాలు పోకూడదని పోలీసులు కట్టిన తాడు మాత్రం పద్ధతిగా అలాగే ఉంది. ఇన్‌స్పెక్టర్‌కి నవ్వొచ్చింది, కానీ నవ్వడానికి ఓపిక లేదు.

నెత్తుటి మరకలు ఫొటోల్లో ఉన్నాయి. ఆమెకు కావలసింది ఫొటో తియ్యనివి. మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా నేల మీద కూర్చుంది. ఫ్రిజ్ వెనక్కి తొంగి చూసింది. ఫ్రిజ్ తీగ ఎటు పోతోందో వేలితో తడుముకుంటూ వెళ్ళింది. తీగ తిన్నగా గోడలోకి పోయింది. స్టెబిలైజర్‌లోకి కాదు. మరి స్టెబిలైజర్‌లో ఉన్నదేది? ఆ తీగ పట్టుకుని పైకి వస్తే ఓవెన్ దగ్గర తేలింది.

రెండు ప్లగ్గులూ తారుమారయ్యాయి.

లిఫ్టుల తీగలతో బతికేవాడు, అత్తగారి మందు కోసం స్టెబిలైజర్ కొన్నవాడు, ఈ పని చెయ్యడు. దుమ్ము కూడా దులపనివ్వని ఇల్లాలు అసలు చెయ్యదు. ఎవడో కొత్తవాడు రెండు ప్లగ్గులూ పీకాడు. మళ్ళీ హడావిడిగా పెట్టాడు. ఏది దేనిదో వాడికి తెలియలేదు.

తలెత్తి ఓవెన్ గడియారం చూసింది. నాలుగున్నర చూపిస్తోంది, అంకెలు మిణుకుమిణుకుమంటూ. తన చేతి గడియారంలో మూడున్నర. కరెంటు పోయి వస్తే ఇలాంటి గడియారాలు సున్నా నుంచి మొదలవుతాయి. వెనక్కి లెక్క వేసుకుంది. ఇవాళ మధ్యాహ్నందాకా ఇంటికి పోలీసు తాళమే ఉంది. నిన్న పొద్దున పదకొండింటికి ఎవడో ఆ ప్లగ్గు తిరిగి పెట్టాడు. ఆ టైముకి మెకానిక్ బ్యాంకు లిఫ్టు గుంతలో ఉన్నాడు, నలుగురు మనుషుల్ని పైకి లాగుతూ.

కరెంటు కోత అంటారేమో. ఎదురింటి తలుపు తట్టింది. వాళ్ళ ఓవెన్ సరైన టైమే చూపిస్తోంది. నిన్న కరెంటు పోనేలేదని ఆ ఇంటాయన చెప్పి, “ఇంతకీ మొగుడేనా అండీ?” అని ఆశగా అడిగాడు. ఆమె వెనక్కి వచ్చేసింది.

దొంగ ఫ్రిజ్ ప్లగ్గు పీకడు. పరాయి దేశపు హంతకుడూ పీకడు, వాడొచ్చేది మాట్లాడటానికి కాదు. మాట్లాడే ముందు ప్లగ్గులు పీకే జాతి ఒకటే ఉంది. నెలకోసారి పోలీసులూ బయటిశాఖ వాళ్ళూ కలిసి కూర్చునే మీటింగు ఉంటుంది. బయటిశాఖ వాళ్ళు గదిలోకి రాగానే ఎవరితోనూ మాట్లాడరు. గోడల వెంట తిరుగుతూ ఒక్కో ప్లగ్గూ పీకేస్తారు. కరెంటు తగిలే ఏ వస్తువులోనైనా వినే యంత్రం ఉండొచ్చని వాళ్ళ భయం. ఫోన్లు గది బయట పెట్టిస్తారు. బల్లమీద ఫ్యాన్ కూడా ఆగిపోతుంది. ఎండాకాలంలో అందరూ చెమటలు కక్కుకుంటూ దేశ భద్రత గురించి చర్చిస్తారు. అయ్యాక ఎక్కడివక్కడ పెట్టేసి వెళతారు. ఏళ్ళ తరబడి చేసి చేసి అది వాళ్ళకు చెప్పులు విడిచినంత అలవాటైపోయింది.

*

“మీరిక్కడున్నారని స్టేషన్లో చెప్పారు.”

గుమ్మంలో బయటిశాఖ అధికారి. అతన్ని వాళ్ళ ఆఫీసులోనే మెత్తనయ్య అంటారు. గొంతు పెంచి మాట్లాడగా విన్నవాడు లేడు. చనిపోయినామె పని చేసింది ఇతని కిందే.

“రండి సార్. మీ ఉద్యోగి ఇల్లు. ఎన్నోసారి రావడం?”

“ఇదే మొదలు. మా వాళ్ళ ఇళ్ళకి మేం వెళ్ళకూడదు. నియమం.” అతను చెయ్యి చాచాడు. “ఫోనివ్వండి. రెండు మాటలు మాట్లాడుకుందాం.”

ఇద్దరి ఫోన్లూ గుమ్మం బయట చెప్పుల స్టాండు మీద పెట్టాడు. తలుపు మూశాడు. టీవీ ప్లగ్గు పీకాడు. దీపం ప్లగ్గు పీకాడు. వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్‌దీ ఓవెన్‌దీ పీకి వచ్చాడు. సోఫాలో కూర్చుంటూ, చూపు ఇన్‌స్పెక్టర్ మీదే ఉంచి, చెయ్యి సోఫా వెనక్కి పోనిచ్చి అక్కడో ప్లగ్గు కూడా లాగేశాడు. పెద్దావిడ నడుముకి పెట్టుకునే వేడి దిండుది.

ఇన్‌స్పెక్టర్ చూసింది.

“అలసిపోయినట్టున్నారు,” అన్నాడు మెత్తనయ్య. “నేనూ అంతే. ఎందుకు లాగుతారు దీన్ని? ఆరింటికి అతన్ని ఇచ్చెయ్యండి. ఇంటికెళ్ళి పడుకోండి.”

“బస్టాండు బాంబు సంగతి ఆమె ముందే విన్నదా?”

“మీకు సంబంధం లేని విషయం.”

“ముందే విన్నదా?”

“నస అని మీకు పేరు పెట్టినవాళ్ళు మంచి పని చేశారు.”

“ముందే విన్నదా, సార్?”

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “విన్నది. పైకి పంపింది. మేం చదివాం. ఆ ఫోన్లో మాట్లాడింది మా మనిషే. అవతలి వాళ్ళలో ఒకడై బతుకుతున్న మా మనిషి. మేం బస్టాండు మూయిస్తే, మాట ఎక్కణ్ణుంచి బయటికొచ్చిందని వాళ్ళు వెతుకుతారు. మర్నాటికల్లా వాడి తల తెగుతుంది. వాడిచ్చిన మాటతో ఒకప్పుడు యుద్ధమే ఆగింది. ఏ పేపరూ రాయలేదు. మీ పిల్లలు హాయిగా బడికి పోయారు.”

“బస్టాండులో చచ్చిన పిల్లలు?”

“లెక్కలో చూడండి మేడమ్. ఒక పక్క లక్షలు.”

“ఆ లెక్క వేసే అధికారం మీకెవరిచ్చారు? మీ శాఖ పెట్టింది ఏం వస్తోందో మాకు చెప్పడానికి. చెబితే మేం బస్టాండు మూసుకుంటామో పారిపోతామో అది మా చావు. ఎవరు చావాలో ఏరమని మిమ్మల్ని కూర్చోబెట్టలేదు. కాపలా కుక్క దొంగను చూసి, అరిస్తే దొంగకి నా ఉనికి తెలిసిపోతుందని నోరు మూసుకుంటే, దానికి అన్నమెందుకు దండగ?”

“మీకు అర్థం కాదు.”

“నిన్నా ఇలాగే అన్నారా ఆమెతో? ఇదే సోఫాలో కూర్చుని?”

“నేనీ ఇంటికి ఇదే మొదటిసారి అని చెప్పాను.”

“మరి సోఫా వెనక ప్లగ్గుందని ఎవరు చెప్పారు? నేను గంట నుంచి ఇక్కడున్నాను, నాకే కనపడలేదు. మీ చెయ్యి మాత్రం తడుముకోకుండా వెళ్ళింది.”

మెత్తనయ్య చేతిలోని ప్లగ్గును చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని జాగ్రత్తగా నేలమీద పెట్టాడు.

“వంటింట్లో ప్లగ్గులు తారుమారు చేశారు. ఓవెన్ గడియారం పదకొండింటికి మళ్ళీ మొదలైంది. ఆమె మొగుడు అప్పుడు లిఫ్టు గుంతలో ఉన్నాడు. సాక్షులు నలుగురు.”

“ఇప్పుడా గడియారం ఆగిపోయింది,” అన్నాడు అతను మెల్లగా. “మీరు ఫొటో తీసుకున్నారా?”

తీసుకోలేదు. ఫోను తియ్యాలన్న ఆలోచనే రాలేదు. ఎదురింటికి పోయి వచ్చేసరికి ఇతను గుమ్మంలో ఉన్నాడు. ఆమె మొహం చూసి అతనికి తెలిసిపోయింది.

“నేను చంపాలని రాలేదు. నమ్మితే నమ్మండి. రెండోది కూడా విన్నానంది. ఈసారి పైకి పంపను, తిన్నగా పోలీసులకే చెబుతానంది. వంటింట్లోంచి ఫోను కోసం గుమ్మం వైపు కదిలింది. చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుంది, గట్టుకు తల కొట్టుకుంది. ఇంకా ఊపిరుంది. డాక్టర్ని పిలిస్తే మాట్లాడుతుంది.” అతను వంటింటి వైపు చూశాడు. “సింకు కింద పెట్టె తెరిచే ఉంది.”



“ఒక్కరోజు,” అన్నాడు. “ఇంకొక్క రోజు ఆమె ఊరుకుని ఉంటే చాలు. రేపటితో వాళ్ళు మా మనిషిని పూర్తిగా నమ్ముతారు. తర్వాత అన్నీ ఆపగలం.”

“రేపా? రేపు ఏం జరుగుతుంది?”

మెత్తనయ్య నోరు మూసుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

లోపలి గది తలుపు కిర్రుమంది. పెద్దావిడ గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఇంట్లో ఉందని అతనికి తెలియదు. మనిషి సగం లేచి, అలాగే ఉండిపోయాడు.

“ఫ్రిజ్ చప్పుడు ఆగిపోతే మందు పాడవుతుందని లేచాను,” అంది ఆవిడ. కళ్ళు చికిలించి అతనున్న వైపు చూసింది. “ఈ గొంతేనా? గట్టిగా మాట్లాడవేం నాయనా, సిగ్గా? నా కూతుర్ని పానాతో కొట్టినప్పుడు కూడా ఇంత మెత్తగానే కొట్టావా?”

“అమ్మా, మీరు కూర్చోండి,” అంది ఇన్‌స్పెక్టర్.

“కూర్చోను. నాకు కంటి ఆపరేషన్ పరీక్షలకి శుక్రవారం రమ్మన్నారు, పెద్దాసుపత్రికి. శుక్రవారం వద్దు, బుధవారమే వెళ్ళు అని నా కూతురు పోరు పెట్టింది. ఆసుపత్రి వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి మార్పించింది. ఎందుకే అంటే ఏడ్చింది. శుక్రవారం ఆ గుమ్మం తొక్కనని నా మీద ఒట్టెయ్యమ్మా అంది. శుక్రవారం అంటే రేపే కదా?”

ఇన్‌స్పెక్టర్ మెత్తనయ్య వైపు తిరిగింది. అతను కాదనలేదు. కాదనడానికి కూడా అలసిపోయినట్టు కిటికీ వైపు చూస్తున్నాడు.

ఆమె ఒక్క ఉదుటున లేచింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. అతని కుడిచేతికి సంకెళ్ళు వేసి రెండో కొస కిటికీ ఇనుప చువ్వకు బిగించింది. అతను పెనుగులాడలేదు.

“మీరు చాలా సేపు మాట్లాడారు మేడమ్,” అన్నాడు. “నేనొచ్చింది మిమ్మల్ని మాటల్లో పెట్టడానికే. ఆరింటిదాకా ఆగుతామని ఎవరన్నారు?”

ఆమె తలుపు తీసి ఫోను అందుకుంది. తెర నిండా హెడ్ కానిస్టేబుల్ పేరే. తిరిగి చేసేసరికి అతను ఏడుస్తున్నాడు.

“మేడమ్, తీసుకుపోయారు. తుపాకులతో వచ్చారు. చదువు రాదన్నాను. వాళ్ళు ఆర్డరే చూపించలేదు. అత్తయ్యకి ఇంజెక్షన్ చెయ్యమని వాడు వ్యాన్లోంచి అరుస్తూనే ఉన్నాడు. మూతిమీద కొట్టారు మేడమ్.”

వాళ్ళ కథ నిలబడాలంటే అతను మాట్లాడకూడదు. రేపు ఆసుపత్రిలో బాంబు పేలాక నేరమంతా మొయ్యడానికి చచ్చిన మొగుడూ పెళ్ళామే చాలు. ఇన్‌స్పెక్టర్ గోడకు ఆనుకుని కమిషనర్‌కి ఫోన్ చేసింది. విన్నదంతా చెప్పింది. అటు నుంచి నిట్టూర్పు వినపడింది.

“నువ్వు ఎవరికి సంకెళ్ళు వేశావో తెలుస్తోందా? ముందు ఆయన్ని వదులు. ఇది మన స్థాయిది కాదు. పైవాళ్ళతో రేపు పొద్దున కూర్చుని మాట్లాడదాం.”

“రేపు పొద్దున లేదు సార్. మీకు పొద్దునుంది, ఆసుపత్రిలో పడుకున్నవాళ్ళకి లేదు. నేను చెప్పేది వినండి. అడగడంలేదు, చెబుతున్నాను. పెద్దాసుపత్రి ఇప్పుడే ఖాళీ చేయించండి. మంచాల మీద ఉన్నవాళ్ళని మంచాలతో సహా రోడ్డు మీదకి తెప్పించండి. ఎందుకని జనం అడిగితే నిజం చెప్పండి, బయటిశాఖకి ముందే తెలుసు, దాచింది అని మైకులో చెప్పండి. వాళ్ళ మనిషి అవతల ఏమవుతాడన్నది వాళ్ళు చూసుకుంటారు. ఆ లిఫ్ట్ మెకానిక్‌ని ప్రాణంతో తెచ్చి నా స్టేషన్ గుమ్మంలో నిలబెట్టమనండి. అతను తన కాళ్ళ మీద నడిచి లోపలికి వచ్చేదాకా వాళ్ళ అధికారి ఈ కిటికీకే ఉంటాడు. మీరొస్తే మీకూ తలుపు తియ్యను. ఆంబులెన్సులు కదిలించండి సార్. కదిలించి ఫోన్ చెయ్యండి.”